మనకు మనమే జత

ఊరు మారినా పేరు మారునా అని సామెత. మన విషయంలో పేరు మారదు గానీ రోల్ నంబరు మారుతుంది, సెక్షన్ మారుతుంది, ఆటల పీరియడ్‌లో నిలబడే వరస మారుతుంది. నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు రాగానే ట్రంకు పెట్టెల మీద తెల్లరంగుతో కొత్త ఊరి పేరు రాస్తారు. టీసీ, మార్కుల పట్టీ, టీకాల కార్డు ఒక ఫోల్డరులో పెట్టుకుని రైలెక్కుతాం. కొత్త బడిలో చేరిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు విజిల్ ఊది, మైదానం చుట్టూ పరుగెత్తమంటారు.

ఈ వ్యాసం రాస్తున్న మేము ముగ్గురం పన్నెండో తరగతి చదువుతున్నాం. ఒకరి నాన్నగారు రైల్వేలో, ఒకరి అమ్మగారు తపాలా శాఖలో, ఒకరి నాన్నగారు సైన్యంలో పనిచేస్తారు. మేము చదివిన బడులన్నీ కలిపి లెక్కేసుకుంటే పదకొండు తేలాయి. అన్ని చోట్లా ఆ మొదటి పరుగు మాకు బాగా గుర్తుంది.

మాలో ఒకమ్మాయి ఏడో తరగతిలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరి నుంచి కొండల మీది కంటోన్మెంటుకు వెళ్లింది. ఆగస్టులో చేరింది. చేరిన నాలుగో రోజే 600 మీటర్ల పరుగు. గాలి పలచన, పొద్దుటి చలి, కాలికి ఇంకా అలవాటు కాని బూట్లు. అందరికన్నా చివర వచ్చింది. మర్నాడు నోటీసు బోర్డు మీద పేర్లు వరసగా అంటించారు. ఆమె పేరు అట్టడుగున ఉంది. పక్కన ఎర్ర సిరాతో ‘వీక్’ అని రాసి ఉంది. ఆ తర్వాత ఆమె రోజూ పొద్దున్నే అన్నయ్యతో కలిసి క్వార్టర్ల చుట్టూ పరుగెత్తింది. నవంబరులో మళ్లీ పరుగు పెట్టారు. ఈసారి 31 సెకన్లు ముందుగా ముగించింది. అయినా చివరి నుంచి రెండో స్థానమే వచ్చింది. బోర్డు మీద మళ్లీ అదే మాట. ఆగస్టు కాగితం చింపేసి ఆ చోటనే నవంబరు కాగితం అంటించారు కాబట్టి ఆ 31 సెకన్ల సంగతి ఎవరికీ తెలియలేదు.

మా అభిప్రాయం ఇదీ. వ్యాయామం మన ఆరోగ్యానికి మేలు చేసిందా లేదా అని తెలుసుకోవాలంటే పక్కవాళ్లతో పోల్చుకుంటే చాలదు. మనల్ని మనతోనే జత కట్టి చూసుకోవాలి. దానికి గణాంకశాస్త్రంలో జత టి-పరీక్ష అనే పద్ధతి ఉంది. దాన్ని మన బడుల్లో నిజమైన పనికి వాడాలి. ఆ జతలో మొదటి అంకె మనం ఊరు మారినప్పుడు పోకుండా, టీసీతో పాటు మన వెంట రావాలి.

లండన్ బస్సుల పాఠం

వ్యాయామానికీ ఆరోగ్యానికీ సంబంధం ఉందని ఇప్పుడు అందరూ అంటారు. ఒకప్పుడు దాన్ని రుజువు చేయాల్సి వచ్చింది. ఆ పనిలో ముందు నడిచిన వారిలో బ్రిటన్ వైద్యుడు జెర్రీ మోరిస్ ఒకరు. లండన్‌లోని రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజంతా మెట్లెక్కి దిగుతూ ఉంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు, ఒకే పొగ. ఇద్దరిలో ఎవరికి గుండెజబ్బులు ఎక్కువ? వేలమంది వివరాలు చూసి, కండక్టర్లకు తక్కువని 1953లో మోరిస్ బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించింది.

కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. కానీ మోరిస్, ఆయన తోటివారు అక్కడ ఆగలేదు. తమ ఫలితాన్ని తామే అనుమానించారు. ఉద్యోగులకు కుట్టించి ఇచ్చే యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తీసి చూశారు. డ్రైవర్ల నడుములు కండక్టర్ల నడుముల కన్నా పెద్దవి. వయసు మళ్లిన వారిలోనే కాదు, పడుచు డ్రైవర్లలో కూడా అంతే. ఈ సంగతిని 1956లో అదే పత్రికలో ప్రకటించారు. అంటే పెద్ద ప్రశ్న వచ్చిపడింది. డ్రైవరు సీటు మనిషిని లావు చేసిందా, లేక కాస్త లావుగా ఉన్నవాళ్లే ఆ సీటు ఎంచుకున్నారా?

వ్యాయామం గుండెకు మేలు చేస్తుందని ఆ తర్వాత ఎన్నో పరిశోధనలు బలపరిచాయి. మోరిస్ దారి తప్పలేదు. కానీ ఆ ప్యాంట్ల కొలతలు మనకు చెప్పే సంగతి ఒకటుంది. ఇద్దరు వేర్వేరు మనుషుల్ని పక్కపక్కన నిలబెట్టి పోల్చినప్పుడు, వాళ్ల మధ్య వ్యాయామం ఒక్కటే తేడా కాదు. ఎత్తు, ఒళ్లు, తిండి, పుట్టుక, పెరిగిన ఊరు అన్నీ తేడాలే. కొండ మీద ఐదేళ్లుగా ఉంటున్న పిల్లవాడినీ, నాలుగు రోజుల క్రితం దిగిన పిల్లనూ ఒకే గీత మీద నిలబెట్టి విజిల్ ఊదితే, మనం కొలిచేది ఏమిటి? సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో ఒక్క శ్వాసతో అందే ప్రాణవాయువు విశాఖపట్నంలో కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. విశాఖ నుంచి వెళ్లిన పిల్ల అక్కడ వెనకబడితే అది బద్ధకం కాదు, గాలి.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు అంటారు పెద్దలు. బోర్డు మీది మొదటి పేరు చూసి మనం పెట్టుకునే వాతలు అలాంటివే.

ఆరు సెకన్ల లెక్క

ఇక జత టి-పరీక్ష ఏం చేస్తుందో చూద్దాం. దీనికి కావలసినవి కూడికలు, తీసివేతలు, ఒక వర్గమూలం. కింది అంకెలు లెక్క నేర్చుకోవడానికి మేము కల్పించుకున్నవి. ఏ తరగతివీ కావు.

ఎనిమిది మంది పిల్లలు 600 మీటర్లు పరుగెత్తారు. ఎనిమిది వారాలు రోజూ వ్యాయామం చేసి మళ్లీ పరుగెత్తారు. పట్టిన సెకన్లు ఇవి.

మొదటి పరుగు: 182, 210, 165, 240, 198, 225, 174, 206.

రెండో పరుగు: 176, 203, 166, 228, 195, 213, 172, 199.

మొదటి పరుగు సగటు 200 సెకన్లు. రెండోదాని సగటు 194. ఆరు సెకన్లు తగ్గింది. ఇది వ్యాయామం వల్ల వచ్చిన తగ్గుదలేనా, లేక ఏదో ఆ రోజు గాలివాటంగా అలా కుదిరిందా?

ఈ రెండు వరసల్నీ ఎవరో తెలియని రెండు వేర్వేరు గుంపులుగా చూశామనుకోండి. అప్పుడు 165 సెకన్లలో పరుగెత్తేవాడికీ, 240 సెకన్లు పట్టేవాడికీ మధ్య ఉన్న పెద్ద తేడా అంతా లెక్కలోకి వచ్చేస్తుంది. ఆ గోలలో ఆరు సెకన్లు వినపడవు. రెండు గుంపుల టి-పరీక్ష చేస్తే టి విలువ సుమారు 0.51 వస్తుంది. ఈ పద్ధతిలో తేడా ఉందని నమ్మడానికి 2.145 దాటాలి. కాబట్టి ఏమీ తేలలేదని ఒప్పుకోవాల్సిందే.

ఇప్పుడు జత కట్టి చూద్దాం. ఒక్కొక్కరి మొదటి అంకె నుంచి వారి రెండో అంకె తీసేద్దాం. వచ్చే తేడాలు: 6, 7, −1, 12, 3, 12, 2, 7. వీటి సగటు 6. ఒకరికి మాత్రం ఒక సెకను పెరిగింది, మిగతా అందరికీ తగ్గింది. ఈ తేడాలు తమ సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది ప్రామాణిక విచలనం, మనం క్లాసులో స్టాండర్డ్ డీవియేషన్ అంటామే, అదే. అది ఇక్కడ సుమారు 4.6. దాన్ని ఎనిమిది వర్గమూలంతో, అంటే 2.83తో భాగిస్తే 1.63 వస్తుంది. తేడాల సగటు 6ను ఈ 1.63తో భాగిస్తే టి విలువ సుమారు 3.69. పిల్లలు ఎనిమిది మంది కాబట్టి అందులో ఒకటి తగ్గించి, టి పట్టికలో ఏడో వరస చూడాలి. అక్కడ నూటికి ఐదు అన్న హద్దుకు 2.365 అని ఉంటుంది. మన 3.69 దాన్ని దాటింది. నూటికి ఒకటి అన్న హద్దు 3.499ను కూడా దాటింది.

దీని అర్థం ఏమిటి? నిజానికి ఏ మార్పూ రాలేదనే అనుకుందాం. అప్పుడు కూడా కేవలం యాదృచ్ఛికంగా ఇంత పెద్ద టి విలువ రావడం నూటికి ఒకసారి కన్నా తక్కువ. కాబట్టి మార్పు వచ్చిందని నమ్మడానికి మనకు గట్టి ఆధారం ఉంది. అంకెలు అవే, పిల్లలు వారే, ఆరు సెకన్లు అవే. ఎవరిని ఎవరితో పోల్చామన్నదే మారింది. తరగతిలో గోల ఆగితే చిన్న గంట కూడా వినపడినట్టు, మనుషుల మధ్య తేడాలు పక్కకు తప్పుకోగానే మనిషిలో వచ్చిన మార్పు బయటపడింది.

అనువర్తిత గణితం తీసుకున్న మన పన్నెండో తరగతి వారికి టి-పరీక్ష పాఠంలో ఉంది. పుస్తకంలో బల్బుల జీవితకాలం, సంచుల బరువు లాంటి లెక్కలు చేస్తాం. అదే లెక్క మన ఊపిరికీ మన కాళ్లకూ వర్తిస్తుందని మాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

పదిమంది చాలు

టి-పరీక్షను కనిపెట్టిన విలియం సీలీ గాసెట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో ఉద్యోగి. అక్కడ బార్లీ గింజల మీద చేసే ప్రయోగాల్లో నమూనాలు కొద్దిగానే ఉండేవి. వేలకొద్దీ కొలతలు ఉంటే పనికొచ్చే పాత పద్ధతులు నాలుగైదు కొలతలకు సరిపోయేవి కావు. ఆ చిక్కును విప్పుతూ 1908లో బయోమెట్రికా అనే పత్రికలో ఆయన వ్యాసం రాశారు. ఉద్యోగులు సొంత పేరుతో రాయకూడదు కాబట్టి ‘స్టూడెంట్’ అని పేరు పెట్టుకున్నారు. అందుకే ఇప్పటికీ దాన్ని స్టూడెంట్ టి-పరీక్ష అంటారు. విద్యార్థులమైన మాకు ఆ పేరు ఎందుకో సొంతంగా అనిపిస్తుంది.

ఆ వ్యాసంలో ఆయన చూపిన మొదటి ఉదాహరణ జతల లెక్కే. పదిమంది రోగులకు రెండు రకాల నిద్రమందులు వేర్వేరుగా ఇచ్చి, ఏ మందుతో ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో అంతకుముందే కొందరు రాసిపెట్టారు. ఒకరికి సహజంగానే నిద్ర ఎక్కువ, ఒకరికి తక్కువ. కానీ అదే మనిషికి రెండు మందులూ ఇచ్చారు కాబట్టి తేడా మాత్రమే చూస్తే చాలు. ఆ పది తేడాల సగటు 1.58 గంటలు. పదిమందితోనే రెండో మందు మెరుగని గట్టిగా చెప్పగలిగారు. మన తరగతుల్లో నలభై మంది ఉంటాం. నోటీసు బోర్డు మీద వరసలు కట్టడానికి వాడుకుంటున్న ఆ నలభై మంది అంకెలతో మనం ఎంత తెలుసుకోవచ్చో ఆలోచించండి.

మా లెక్కను మేమే అనుమానిస్తే

మోరిస్ తన ఫలితాన్ని తానే అనుమానించాడు కదా, మనమూ అలాగే చేయాలి. ముందు, తర్వాత అని రెండుసార్లు కొలిచినంత మాత్రాన మధ్యలో జరిగినదంతా వ్యాయామం చలవే అనకూడదు. మన వయసు పిల్లలం పెరుగుతూ ఉంటాం. కాళ్లు పొడుగైతే పరుగు వేగం దానంతట అదే పెరుగుతుంది. ఆగస్టు ఉక్కపోతకూ నవంబరు చల్లదనానికీ తేడా ఉంటుంది. రెండోసారి పరుగెత్తేవారికి మొదట ఎంత దాచుకోవాలో, చివర ఎంత ఖర్చుపెట్టాలో తెలిసిపోతుంది. కొండ మీదికి వెళ్లిన మా స్నేహితురాలి 31 సెకన్లలో వ్యాయామానిది ఎంత, ఒంటికి ఆ గాలి అలవాటు పడటం వల్ల వచ్చింది ఎంత? నిజాయితీగా చెప్పాలంటే విడదీయలేం.

దీనికి మందు ఉంది, అది కూడా జతలోనే ఉంది. తరగతిని బొమ్మా బొరుసూ వేసి రెండు సగాలు చేయాలి. ఆటల పీరియడ్‌కు అదనంగా, మొదటి సగం ఆరు వారాలు రోజుకు 10 నిమిషాలు, రెండో సగం రోజుకు 40 నిమిషాలు వ్యాయామం చేయాలి. కొన్ని వారాలు విరామం ఇచ్చి, తర్వాత ఇద్దరూ తారుమారు కావాలి. చివరకు ప్రతి ఒక్కరి దగ్గరా రెండు అంకెలు ఉంటాయి: 10 నిమిషాల నాటిది ఒకటి, 40 నిమిషాల నాటిది ఒకటి. సగం మందికి ఎక్కువ వ్యాయామం ముందు వచ్చింది, సగం మందికి తర్వాత వచ్చింది. కాబట్టి ఎదుగుదల, వాతావరణం ఒకవైపే మొగ్గవు. ఎంత వ్యాయామానికి ఎంత ఫలితం అన్న ప్రశ్నకు అప్పుడు మనం దగ్గరగా వెళతాం. ఇప్పటికే ఎక్కువ ఆడేవారి ఆట మాత్రం ఈ ప్రయోగం పేరుతో తగ్గించకూడదు. 5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆయాసం, రక్తహీనత లాంటివి ఉన్నవారు వైద్యుల సలహా లేకుండా ఇందులో దిగకూడదు.

ఏం కొలవాలో కూడా ముందే తేల్చుకోవాలి. బరువు మాకు నచ్చదు. పెరిగే పిల్లల బరువు పెరగాల్సిందే. విశ్రాంతి నాడి మేలు. పొద్దున్న లేవగానే, మంచం దిగకముందే, మణికట్టు మీద వేళ్లు పెట్టి ఒక నిమిషం లెక్కపెట్టాలి. మూడు రోజులు చూసి సగటు రాసుకోవాలి. క్రమం తప్పని వ్యాయామంతో గుండె బలపడితే ఈ అంకె తగ్గుతుంది. ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు, బోర్డు మీద ఎవరి ఒళ్లూ ప్రదర్శనకు పెట్టనక్కర్లేదు.

ముప్పై ఏళ్ల తర్వాత దొరికిన ఐదుగురు

మొదటి అంకె దాచుకోవడం ఎంత విలువైనదో చెప్పే ఒక ప్రయోగం ఉంది. 1966లో అమెరికాలోని డల్లస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం మీదే పడుకోబెట్టారు. తర్వాత ఎనిమిది వారాలు గట్టిగా వ్యాయామం చేయించారు. ప్రతి దశలో వాళ్ల శరీరం ఎంత ప్రాణవాయువును వాడుకోగలదో కొలిచి రాశారు. మంచం మీద ఆ శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. వ్యాయామంతో తిరిగి వచ్చింది.

అసలు విశేషం ముప్పై ఏళ్ల తర్వాత జరిగింది. అదే ఐదుగురిని, అప్పటికి యాభై ఏళ్లు వచ్చినవారిని, మళ్లీ పిలిచి కొలిచారు. ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా, ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. తర్వాత ఆరు నెలలు క్రమంగా వ్యాయామం చేయిస్తే, వయసుతో తగ్గిన శక్తి మళ్లీ చేతికొచ్చింది. ఐదుగురంటే చాలా చిన్న గుంపు. అందరికీ ఇలాగే అవుతుందని దీన్నిబట్టి ఒట్టు వేయలేం. అయినా వైద్యులు ఇప్పటికీ ఆ ప్రయోగాన్ని తలుచుకుంటారు. కారణం, ఆ ఐదుగురికీ 1966 నాటి తమ అంకె ఉంది. ఆ కాగితాలు ఎవరూ చింపేయలేదు.

మన దగ్గర ఆ అంకె ఉందా? మూడేళ్ల క్రితం, ముందటి ఊళ్లో, మన నాడి ఎంత కొట్టుకుందో, మనం ఎన్ని సెకన్లలో పరుగెత్తామో చెప్పగలమా? ఎనిమిదో తరగతి హిందీ మార్కులు చెప్పగలం. అవి మార్కుల పట్టీలో ఉన్నాయి.

కొట్టేసిన వరస

ఇక్కడ బదిలీ పిల్లలమైన మనకే తెలిసిన ఒక ఇబ్బంది ఉంది. ఆగస్టులో నలభై మందిని కొలుస్తారు. నవంబరుకు ముగ్గురు వెళ్లిపోతారు, ఇద్దరు కొత్తగా వస్తారు. జత టి-పరీక్షలో సగం జతకు చోటు లేదు. వెళ్లినవారికి రెండో అంకె లేదు, వచ్చినవారికి మొదటి అంకె లేదు. ఆ ఐదు వరసల మీదా గీత కొట్టేయాలి. లెక్క ప్రకారం అదే సరైన పని. కొత్త ఊళ్లో తీసిన కొలతను పాత ఊరి కొలతతో కలిపి తరగతి ప్రయోగంలో చేర్చినా తప్పే అవుతుంది, ఎందుకంటే మధ్యలో ఊరు కూడా మారింది.

కానీ మన బడుల్లో ఏటా గీత కింద పడేది మనమే. ఒక ఊళ్లో మొదటి అంకె వదిలేసి, ఇంకో ఊళ్లో రెండో అంకె మాత్రమే ఇచ్చే పిల్లలం. ఎక్కడా పూర్తి జత కాము. ప్రయోగంలో నుంచి పేరు తీసేయడం వేరు, ఆ పిల్ల కష్టాన్నే లెక్కలోంచి తీసేయడం వేరు. మొదటిది తప్పదు. రెండోదాన్ని ఆపవచ్చు. ప్రయోగం రాసేవారు ఎంతమందిని ఎందుకు తీసేశారో చివర ఒక వాక్యం రాయాలి. తీసేసిన పిల్లల అంకె వాళ్ల చేతికివ్వాలి.

మన దేశం గర్వించే గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు మనలాంటి ఉద్యోగి ఇంటి పిల్లవాడే. తండ్రి పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు. ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో 1920లో పుట్టిన తెలుగు పిల్లవాడు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బడుల్లో చదివాడు. 2023లో అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి అందుకున్నాడు. ఆ ఏడాదే కన్నుమూశాడు. అన్ని బడులు మారిన పిల్లవాడు అంకెల్లో అంత దూరం వెళ్లగలిగాడంటే, ఊళ్లు మారడం మన లోపం కాదు.

మేము అడిగేది

మా నాన్నలతో ఈ విషయం మాట్లాడినప్పుడు సైన్యంలో ఉన్న నాన్నగారు ఒక మాట అన్నారు. “భర్తీ ర్యాలీలో పరుగుకు అందరికీ ఒకటే గడియారం రా. నువ్వు కిందటేటి కన్నా మెరుగయ్యావని ఎవరూ తీసుకోరు.” నిజమే. ఆ మాటను మేము కాదనలేం. స్పోర్ట్స్ డే నాడు మొదట వచ్చినవారికే పతకం ఇవ్వాలి, అందులో మాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ భర్తీ గీత దాటేది ఒక్క పొద్దున. ఆ పొద్దుటికి చేరడానికి నడవాల్సినవి వందల పొద్దులు. ఆ పొద్దుల్లో మనం ముందుకు వెళుతున్నామో లేదో చెప్పేది పక్కవాడి గడియారం కాదు. ఈ మాట చెప్పాక నాన్నగారు కాసేపు ఆలోచించి, తన ట్రైనింగు రోజుల డైరీలో ప్రతి వారం తన పరుగు సమయం రాసుకున్నానని చెప్పారు.

అందుకే మా ఉపాధ్యాయులను మూడు విషయాలు అడుగుతున్నాం. ఒకటి, ఫిట్‌నెస్ కొలతలు తీసిన ప్రతిసారీ పిల్లల పేరున ఒక కార్డులో తేదీ, ఊరు, అంకె రాసి, బదిలీ అయినప్పుడు టీసీతో పాటు ఆ కార్డు ఇవ్వండి. రెండు, నోటీసు బోర్డు మీద వరసలు పెట్టాల్సి వస్తే, వేగానికి ఒక వరసా, తన పాత సమయం కన్నా ఎక్కువ మెరుగైనవారికి ఇంకో వరసా పెట్టండి. అట్టడుగు పేరు పక్కన ఏ మాటా రాయకండి. మూడు, పన్నెండో తరగతి ప్రాజెక్టుగా పేర్లు తీసేసిన ఆ అంకెలతో జత టి-పరీక్ష చేయించండి. వచ్చిన ఫలితం మంచిదైనా కాకపోయినా పొద్దుటి ప్రార్థన సభలో చదివించండి. కొత్త ఆటల కార్యక్రమం నిజంగా పనిచేస్తోందో లేదో పిల్లలే లెక్కగట్టి చెప్పిన బడి అవుతుంది మనది.

తోటి పిల్లలకు ఒక మాట. కార్డు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఈసారి ఇంట్లో పెట్టెలు సర్దడం మొదలవగానే నోటు పుస్తకంలో ఒక పేజీ తీసుకోండి. తేదీ, ఊరు, పొద్దుటి నాడి, 600 మీటర్ల సమయం, రోజుకు ఎంతసేపు ఆడారో, ఎన్ని గంటలు నిద్రపోయారో రాయండి. కొత్త ఊళ్లో దిగి నెల గడిచాక, ఒళ్లు కుదురుకున్నాక మళ్లీ రాయండి. ఆ తర్వాత మూడు నెలలకొకసారి రాయండి. ఒక మనిషి అంకెలతో పరీక్ష తేల్చలేం గానీ, మనం ఎటు వెళుతున్నామో మాత్రం కనిపిస్తుంది.

మా స్నేహితురాలి 31 సెకన్లు మాకెలా తెలిసాయని మీరు అడగవచ్చు. ఆగస్టులో ఆ కాగితం బోర్డు మీద ఉన్నప్పుడు వాళ్ల అన్నయ్య దానిలోంచి చెల్లి సమయం చూసి, ఆమె సైన్సు నోట్సు చివరి అట్ట మీద పెన్సిల్‌తో రాసిపెట్టాడు. నవంబరులో దాని కింద ఇంకో అంకె రాసి, రెంటికీ మధ్య తీసివేత గుర్తు పెట్టాడు. ఆ అట్ట రెండు బదిలీలు దాటి మా ఊరొచ్చింది. ఈ వ్యాసం మొదలుపెట్టింది ఆ అట్ట చూశాకే.